దర్శకుని పరిచయాలు: శ్యామ్ బెనెగల్ కళాజీవితం చెప్పే పాఠం

మన తెలుగులో 'పలుకుబడి' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒక ప్రాంతపు ప్రజలు మాట్లాడే తీరును పలుకుబడి అంటాము. పెద్దల వద్ద ఒకరికి గల పరపతిని కూడ పలుకుబడి అనే అంటాము. ఈనాటి విద్యార్థులలో అనేకులు రెండవ అర్థాన్నే నమ్ముకొని మొదటి దానిని మరచిపోయినట్లు కనిపిస్తుంది. "పెద్దవాళ్ళ పరిచయం లేనిదే ఏ రంగంలోనూ ప్రవేశం లేదు, సినిమా రంగంలో అసలే లేదు" అనే మాట మన తరగతి గదులలో తరచుగా వినబడుతూనే ఉన్నది. బొగ్గుబావుల నీడన, నస్పూర్, శ్రీరాంపూర్ వంటి చోట్ల పుట్టి పెరిగిన పిల్లవానికి బొంబాయి గాని, హైదరాబాదు గాని ఎవరు తలుపు తెరుస్తారని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను కొట్టివేయడం న్యాయం కాదు. పరిచయాలు అవసరమే. అయితే పరిచయమనగా నేమి, అది ఎట్లా ఏర్పడుతుంది, ఏర్పడిన పిదప దేనికి పనికివస్తుంది అన్నది తెలుసుకోవలసిన విషయం. అందుకు హైదరాబాదులో పుట్టి, మన తెలంగాణ పల్లెల కథలతో భారతీయ చలనచిత్ర చరిత్రలో ఒక కొత్త అధ్యాయాన్ని ప్రారంభించిన శ్రీ శ్యామ్ బెనెగల్ జీవితం కంటె మంచి ఉదాహరణ దొరకదు. 1934 డిసెంబరు 14న జన్మించి, 2024 డిసెంబరు 23న, తొంబది యేండ్లు నిండిన తొమ్మిది రోజులకు ముంబయిలో కన్నుమూసిన ఈ దర్శకుని చుట్టూ నటులు, కవులు, నాటక కర్తలు, సంగీతజ్ఞులు, సహకార సంఘాల నాయకులు ఒక పెద్ద కుటుంబంలాగ కూడుకొని ఉన్నారు. ఆ కుటుంబం ఎట్లా ఏర్పడినదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

బంధుత్వం

బెనెగల్ గారిది కొంకణి మాట్లాడే కుటుంబం. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఛాయాచిత్రకారులు. ఇంటిలో కెమెరా ఉండడం చేత పన్నెండవ యేటనే ఆ బాలుడు తండ్రి కెమెరాతో ఒక చిన్న చిత్రం తీశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి ఎం.ఏ. పట్టా పొందారు. విద్యార్థిగా ఉన్నప్పుడే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. మంచి చిత్రాలు మన ఊరికి రాకపోతే మనమే తెప్పించుకొని చూడవలెనన్నది ఆ సంస్థ వెనుకనున్న ఆలోచన. ఆయన సంపాదించుకొన్న తొలి పరిచయస్థులు తనతోపాటు కూర్చుండి సినిమా చూసి, చూసినదానిని గురించి వాదించగల తోటి విద్యార్థులే నన్నమాట.

ఇక సినిమా రంగంలో బంధువు లేడా అంటే, ఉన్నాడు. సామాన్యుడు కూడ కాదు. 'ప్యాసా', 'కాగజ్ కే ఫూల్' చిత్రాల దర్శకుడు గురుదత్ ఆయనకు దగ్గరి చుట్టం. వారి నాయనమ్మ, అమ్మమ్మ అక్కచెల్లెళ్ళు. ఇంతటి చుట్టరికం ఉన్నవాడు నేరుగా వెళ్ళి సహాయ దర్శకుడుగా చేరవలసినదని మనమనుకొంటాము. బెనెగల్ ఆ బాటన పోలేదు. బొంబాయి చేరి వాణిజ్య ప్రకటనల రంగంలో ప్రవేశించి, 1959లో లింటాస్ సంస్థలో ప్రకటనల రచయితగా చేరారు. గురుదత్ సాధించిన విజయం 'నా కుటుంబంలోని వాడు చేయగలిగినది నేనును చేయగలను' అనే ధైర్యాన్ని ఇచ్చి ఉండవచ్చు. ధైర్యమివ్వడం చుట్టరికం చేయగల పనియే. పని నేర్పడం దాని చేత కాదు.

ఉద్యోగం ఇచ్చిన స్నేహితులు

ప్రకటనల రంగాన్ని కళాకారులు చిన్నచూపు చూడడం వాడుక. సబ్బులకు, నూనెలకు అర నిమిషం, నిమిషం నిడివి గల చిత్రాలు తీయడంలో కళ ఏమున్నదని వారి మాట. కాని బెనెగల్ గారికి అదే పాఠశాల అయినది. ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు కలిపి 900కు పైగా తీశారు. నిర్ణీత సమయంలో, నిర్ణీత వ్యయంలో, ఇతరులు అప్పగించిన విషయాన్ని స్పష్టంగా చెప్పడం ఆ పనిలో ఆయన అలవరచుకొన్నారు. 1962లో 'ఘేర్ బేఠా గంగా' అనే డాక్యుమెంటరీని గుజరాతీలో తీశారు.

ఈ కాలంలోనే ఆయన జీవితాంతం నిలిచిన రెండు స్నేహాలు కుదిరాయి. ఒకరు ఛాయాగ్రాహకుడు గోవింద్ నిహలానీ. మరొకరు పాశ్చాత్య సంగీతంలో పాండిత్యం గల వన్‌రాజ్ భాటియా; ఆయన ప్రకటనలకు బాణీలు కట్టేవారు. బెనెగల్ తొలి కథాచిత్రం 'అంకుర్' (1974)కు నిహలానీ కెమెరా పట్టారు, భాటియా సంగీతం కూర్చారు. తరువాతి చిత్రాలు పెక్కింటికి కూడ వీరిరువురే తోడు నిలిచారు.

'అంకుర్' కథ బెనెగల్ గారు కళాశాల రోజులలోనే వ్రాసుకొన్నది. హైదరాబాదు పరిసరాలలోని ఒక పల్లెలో, పట్నం నుండి వచ్చిన భూస్వామి కొడుకు, ఆయన ఇంట పనిచేసే లక్ష్మి అనే దళిత స్త్రీ, మూగవాడైన ఆమె భర్త - ఈ ముగ్గురి చుట్టూ నడిచే కథ. ఇటువంటి కథకు డబ్బు పెట్టేవారు ఒక పుష్కరకాలం దాకా దొరకలేదు. చివరకు ముందుకు వచ్చినది బ్లేజ్ సంస్థ. సినిమా హాళ్ళకు ప్రకటన చిత్రాలను పంపిణీ చేయడం ఆ సంస్థ వ్యాపారం. దాని యజమానులు బెనెగల్ పనితనాన్ని ఏండ్ల తరబడి కళ్ళార చూచినవారు. చేసిన పనిని చూచి ఏర్పడిన నమ్మకమే ఆ పెట్టుబడికి హామీ.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఒకటున్నది. మనకు ఇష్టమైన పని దొరికే వరకు చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేసినవానికి, ఆ పని చేసిన చోటనే తరువాతి మెట్టు కనిపించవచ్చు. ఈ రోజు పక్కన కూర్చుండి పనిచేసేవాడే రేపటి పరిచయస్థుడు.

శిష్యులు, నటులు

బెనెగల్ 1966 నుండి 1973 వరకు పూనాలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో అధ్యాపకులుగా పాఠాలు చెప్పారు. తరువాత 1980-83 లోను, 1989-92 లోను అదే సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు. ఆనాడు సినిమా శిక్షణ పొందినవారిని పరిశ్రమ అంతగా ఆదరించేది కాదు. ఆయన మాత్రం నటీనటులను అక్కడ నుండియు, రంగస్థలం నుండియు ఏరుకొన్నారు.

'అంకుర్'లో లక్ష్మి పాత్ర ధరించిన షబానా ఆజ్మీ ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన విద్యార్థిని. తెరపై ఆమెకు అదే తొలి విజయం. ఆ చిత్రానికి ఆమె ఉత్తమ నటిగాను, భర్త పాత్ర ధరించిన సాధు మెహర్ ఉత్తమ నటుడుగాను జాతీయ పురస్కారాలు పొందారు. భూస్వామి కొడుకుగా నటించిన అనంత్ నాగ్ రంగస్థలం నుండి వచ్చినవాడు. అమ్రీష్ పురి కూడ బొంబాయి నాటకరంగంలో పేరు తెచ్చుకొన్న తరువాతనే బెనెగల్ చిత్రాలలో ప్రవేశించాడు. స్మితా పాటిల్ బొంబాయి దూరదర్శన్‌లో వార్తలు చదివే యువతి. తరువాత 'భూమిక' (1977)తో ఆమె జాతీయ ఉత్తమ నటి అయినది.

ఈ సందర్భంలో 'నిశాంత్' (1975) నాటి ఒక సంగతి విద్యార్థులు ముఖ్యంగా తెలిసికొనదగినది. ప్రసిద్ధ కన్నడ నాటక కర్త గిరీశ్ కర్నాడ్ అప్పుడు పూనా ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరు. అక్కడ విద్యార్థుల సమ్మె జరిగినది. ఆ సమ్మెలో డైరెక్టరుకు ఎదురు నిలిచినవారిలో నసీరుద్దీన్ షా ఒకడు. బెనెగల్ 'నిశాంత్'లో ఒక పాత్రకు కొత్త నటుని వెదకుతున్నప్పుడు ఆ నసీరుద్దీన్ పేరును చెప్పినవారు కర్నాడే. తనను ఎదిరించిన విద్యార్థి అని చూడక, పాత్రకు తగినవాడా కాదా అన్నదే చూచారు. సిఫారసు అనే మాటను మనం ఉర్దూ నుండి తెచ్చుకొన్నాము గాని, సిఫారసు ఎట్లా ఉండవలెనో ఈ సంఘటన నుండి నేర్చుకొనవచ్చును. అర్హతను గుర్తించి చెప్పిన మాట వలన చెప్పినవారి గౌరవమూ పెరిగినది, చిత్రమూ బాగుపడినది, దేశానికి ఒక గొప్ప నటుడూ లభించాడు. బంధువని, తన వర్గమని చెప్పే సిఫారసు వలన ఈ మూడింటిలో ఒక్కటియు కలుగదు.

రచయితలు - ఉర్దూ సాహిత్యం ఇచ్చిన చేయి

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును బోధించబడుతున్నవి గనుక, బెనెగల్ గారికి రచయితలతో గల సంబంధాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

'నిశాంత్' కథను మరాఠీ నాటక కర్త విజయ్ తెండూల్కర్ సమకూర్చారు. 1945 నాటి తెలంగాణ పల్లె ఒకదానిలో బడిపంతులు భార్యను భూస్వామి తమ్ముళ్ళు ఎత్తుకొనిపోవడం, చివరకు ఊరు తిరగబడడం ఆ చిత్రంలోని ఇతివృత్తం. బడిపంతులుగా గిరీశ్ కర్నాడ్, ఆయన భార్యగా షబానా నటించారు. ఇట్లా ఒక మరాఠీ రచయిత, ఒక కన్నడ నాటక కర్త, ఒక కొంకణి దర్శకుడు, ఒక ఉర్దూ కవి కుమార్తె కలిసి మన తెలంగాణ కథను చెప్పారు.

ఆ ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ. ఆయన భార్య షౌకత్ మన హైదరాబాదు ఆడపడుచు. 1947లో హైదరాబాదులో జరిగిన ముషాయిరాలో కైఫీని చూచిన పిదపనే వారి వివాహం జరిగింది. బెనెగల్ 'మంథన్' (1976)కు సంభాషణలు వ్రాసినది కైఫీ ఆజ్మీయే. 1857 తిరుగుబాటు నేపథ్యంగా, రస్కిన్ బాండ్ రచన ఆధారంగా శశి కపూర్ నిర్మించిన 'జునూన్' (1978)కు సంభాషణలు వ్రాసినవారిలో ఇస్మత్ చుగ్తాయ్ ఉన్నారు. అందులో ఆమె ఒక పాత్ర కూడ ధరించారు. అనేక చిత్రాలకు రచనలో తోడ్పడిన షమా జైదీ, ఎం.ఎస్. సథ్యూ 'గరమ్ హవా' చిత్రానికి కైఫీతో కలిసి పనిచేసిన రచయిత్రి. ఆ 'గరమ్ హవా'కు మూలకథ ఇస్మత్ చుగ్తాయ్‌ది. ఈ పేర్లన్నీ ఒకదానితో ఒకటి అల్లుకొని ఉండడం కాకతాళీయం కాదు. అభ్యుదయ రచయితల సంఘం, ప్రజా నాట్యమండలి వంటి సంస్థలలో ఒకే వేదికపై పనిచేసిన తరం అది. ఒకే భావం ఒకచోట కూర్చినవారిని ఒకే పని మళ్ళీ మరొకచోట కూర్చినది.

'మండీ' (1983)కి ఆధారం గులామ్ అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ'. పట్టణం నుండి వెళ్ళగొట్టబడిన వేశ్యల చుట్టూ మరొక కొత్త పట్టణమే వెలసిన వైనం ఆ కథలో ఉన్నది. ఆ చిత్రంలో మన మెదక్ జిల్లా ఆందోలులో జన్మించి, హైదరాబాదు సిటీ కాలేజీలో ఉర్దూ బోధించిన మఖ్దూం మొహియుద్దీన్ గీతం కూడ ఒకటి వాడుకొన్నారు. తరువాత పత్రికా రచయిత ఖాలిద్ మొహమ్మద్ తన కుటుంబంలోని స్త్రీల జీవితాల ఆధారంగా ఇచ్చిన కథలతో 'మమ్మో' (1994), 'సర్దారీ బేగం' (1996), 'జుబేదా' (2001) వచ్చాయి. 'జుబేదా'కు ఎ.ఆర్. రహ్మాన్ సంగీతం, జావేద్ అఖ్తర్ గీతాలు. ముస్లిం స్త్రీని తెరపై కేవలం మేలిముసుగుగానో, కేవలం గజల్‌గానో చూపే అలవాటు ఉన్న కాలంలో, ఆమెను ఇంటిలో, వీధిలో, చట్టం ఎదుట నిలిచిన మనిషిగా ఈ చిత్రాలు చూపాయి. విభజన వలన పాకిస్తాను పౌరురాలైన ఒక వృద్ధ స్త్రీ తన తోబుట్టువు ఇంట ఉండడానికి పోలీసు కచేరీ చుట్టూ తిరగవలసిన దుఃఖం 'మమ్మో'లో ఉన్నది.

మన హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానో వ్రాసిన 'నర్సయ్యా కీ బావ్డీ' కథ 'వెల్ డన్ అబ్బా' (2010) చిత్రానికి ఒక ఆధారం. ప్రభుత్వ పథకం క్రింద బావి త్రవ్వించుకోదలచిన పేదవాని సొమ్ము లంచాలకే కరగిపోగా, కాగితాలపై ఉన్న బావి దొంగిలించబడినదని ఫిర్యాదు చేయడం అందలి హాస్యం. బొమన్ ఇరానీ అందులో ప్రధాన పాత్రధారి. కథ పేరును గమనించండి. నర్సయ్య అనే తెలుగు పేరు ఒక ఉర్దూ కథకు శీర్షికయైనది. మన పల్లెలలో రెండు భాషలు ఒకే బావి నీరు త్రాగినవనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

డబ్బు ఇచ్చిన సామాన్యులు

పరిచయమంటే ప్రసిద్ధులతోనే అనుకోరాదు. 'మంథన్' చిత్రానికి నిర్మాతలు గుజరాతులోని పాల ఉత్పత్తిదారులు. డాక్టర్ వర్గీస్ కురియన్ పాల సహకారోద్యమాన్ని నడుపుతున్నారు. ఆ ఉద్యమాన్ని గురించి డాక్యుమెంటరీలు తీసిన బెనెగల్‌కు, దానినే కథాచిత్రంగా తీయవలెనని తోచింది. 5 లక్షల మంది రైతులు తలకు 2 రూపాయల చొప్పున ఇచ్చారు. 10 లక్షల రూపాయలు సమకూరాయి. చిత్రం విడుదలయినప్పుడు ఆ రైతులే బండ్లు కట్టుకొని వచ్చి తమ సినిమాను తాము చూచారు. 2024లో ఆ చిత్రం మరమ్మతు చేసిన ప్రతి కాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైనది.

ఇదే మార్గంలో 'సుస్మన్' (1987) చేనేత సహకార సంస్థల సహాయంతో తీయబడినది. అది మన పోచంపల్లి నేతగాండ్ర కథ. రాములుగా ఓం పురి, గౌరమ్మగా షబానా నటించారు. పెండ్లి చీర నేసేవాని ఇంట పెండ్లికి చీర ఉండదన్న బాధ ఆ చిత్రానికి ప్రాణం. సిరిసిల్ల మగ్గాలను ఎరిగిన మన జిల్లాలవారికి ఆ బాధను వేరుగా వివరించనక్కరలేదు.

తెలుగుతో సంబంధం

బెనెగల్ తెలుగులో తీసిన చిత్రం 'అనుగ్రహం' (1978). చింతామణి ఖానోల్కర్ మరాఠీ నవల 'కొండూరా' దానికి మూలం. అదే పేరుతో హిందీలోను, 'అనుగ్రహం' పేరుతో తెలుగులోను తీశారు. తెలుగులో సంభాషణలు ఆరుద్ర వ్రాశారు. వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్, రావు గోపాలరావు నటించారు. వ్యాపార చిత్రాలలో అగ్రతార అయిన వాణిశ్రీ, కొత్త తరహా చిత్రాలకు పేరొందిన స్మిత ఒకే తెరపై కనిపించడం ఆ రోజులలో అరుదైన విషయం.

అంతకంటె ముఖ్యమైనది దక్కనీ. 'అంకుర్'లో పాత్రలు మాట్లాడినది ఢిల్లీ హిందీ కాదు, లక్నో ఉర్దూ కాదు. హైదరాబాదు, తెలంగాణ ప్రజల నోట నలిగిన దక్కనీ. అంతవరకు సినిమాలలో నవ్వించడానికి మాత్రమే వాడబడిన ఆ భాష, ఆకలిని, అవమానాన్ని చెప్పడానికి సరిపోయినది. ఇది పలుకుబడికి మొదటి అర్థం. బెనెగల్ బొంబాయికి మూటగట్టుకొని పోయిన అసలు ఆస్తి ఇదేనని నా అభిప్రాయం. ఆయనకు పరిచయాలు ఎన్ని ఉన్నా, తన ఊరి మాట తనకు తెలియకపోయినచో 'అంకుర్' పుట్టేది కాదు.

ఒక విమర్శ, దానికి జవాబు

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణను కూడ న్యాయంగా పరిశీలించవలెను. ఈ చిత్రాలు తెలంగాణను గురించినవే గాని, వాటిలో తెలంగాణ వారెందరు? పూనా నుండి, బొంబాయి నుండి వచ్చినవారే ప్రధాన పాత్రలు ధరించారు. తెలుగువాడు తన కథను హిందీలో విన్నాడు. ఈ ఆక్షేపణలో సత్యమున్నది.

దానికి జవాబు మాటలతో గాక పనితో వచ్చింది. మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో జన్మించిన శ్రీ బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్‌తో కలిసి 'మా భూమి'ని నిర్మించారు. 1980లో అది విడుదలయింది. దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్. ఆయనకు అదే తొలి కథాచిత్రం. మూలం మాత్రం ఉర్దూ. తెలంగాణ రైతాంగ పోరాటంపై కృష్ణ చందర్ వ్రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. బండి యాదగిరి వ్రాసిన పాటను గద్దర్ తెరపై పాడారు. ఆ పాట ఊరూరా మారుమ్రోగినది. అంతకు ముందు 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'కు ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారం. అదియు మొదట ఉర్దూలో వెలువడిన కథయే.

తరువాత నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన 'దాసి' (1988) గడీలలోని ఆడబాపల దైన్యాన్ని చూపినది. దానికి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అర్చన ఉత్తమ నటిగాను, ఎ.కె. బీర్ ఉత్తమ ఛాయాగ్రాహకుడుగాను ఎన్నికైనారు. కళాదర్శకత్వానికి పురస్కారం పొందిన తోట వైకుంఠం మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. నుదుట పెద్ద బొట్టు, ఒంటిమీద ముదురు రంగుల చీర గల మన పల్లె స్త్రీని తన బొమ్మల ద్వారా దేశమంతటికి పరిచయం చేసినవాడు. గడీలోని గోడ, గడప, కుండ, మంచం ఎట్లా ఉండేవో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు; చూచి పెరిగినవాడు. దర్శకుని పరిచయాలలో ఇటువంటి పరిచయం కూడ ఉండవలెను. తారల పేర్లు గోడపత్రికపై పెద్ద అక్షరాలలో ఉంటాయి. గడప ఎట్లా ఉండేదో తెలిసినవాని పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. కాని ఆ గడప అబద్ధమైతే సినిమా అంతా అబద్ధమే.

మనకు ఇందులో ఏమున్నది?

బొగ్గు బావిలో దిగే మన తండ్రులకు, అన్నలకు ఒక సంగతి తెలుసు. షాట్ ఫైరర్, కోల్ ఫిల్లర్, ట్రామర్, పైకప్పుకు దిమ్మెలు నిలిపే టింబర్‌మన్, మైనింగ్ సర్దార్ - వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా షిఫ్టు నడవదు. ఒకని ప్రాణం మరొకని పనితనంపై ఆధారపడి ఉంటుంది. అక్కడ "నాకు ఫలానా వారు తెలుసు" అన్న మాటకు విలువ లేదు. "ఫలానా వాని చేతి పని గట్టిది" అన్న మాటకే విలువ. సినిమా కూడ అట్టిదే. బెనెగల్ గారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, పద్మభూషణ్, రాజ్యసభ సభ్యత్వం వంటి గౌరవాలెన్నో దక్కాయి. ఐనను ఆయన పరిచయాలకు మూలం ఆ గౌరవాలు కావు. అవి రాకముందే నిహలానీ ఉన్నాడు, భాటియా ఉన్నాడు, షబానా ఉన్నది. వీరెవరూ అప్పటికి ప్రసిద్ధులు కారు. ప్రసిద్ధులతో ఆయన పరిచయం చేసుకొన్నారనడం కంటె, ఆయనతో కలిసి పనిచేసినవారు ప్రసిద్ధులైనారనడమే సత్యానికి దగ్గర. నిహలానీ 1980లో 'ఆక్రోశ్'తో తానే దర్శకుడైనాడు. 53 భాగాల 'భారత్ ఏక్ ఖోజ్' (1988)లో ఈ సమూహమంతా మళ్ళీ కలిసి పనిచేసినది.

కావున విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. పెద్దవారి చిరునామాల కొరకు తిరుగకండి. మీ పక్క బల్లపై కూర్చున్నవానిని చూడండి. వాడు బొమ్మలు వేయగలడేమో, ఆమె పాట కట్టగలదేమో, మరొకడు చేతిలోని ఫోనుతోనే మీ వాడ జీవితాన్ని చిత్రించగలడేమో. మన ఉర్దూ విభాగపు విద్యార్థి చదివిన ఒక్క కథను తెలుగు విభాగపు విద్యార్థితో కూర్చుండి తెలుగు చేస్తే, ఆ ఇద్దరి నడుమ ఏర్పడేదే నిజమైన పరిచయం. 'జబ్ ఖేత్ జాగే' నుండి 'మా భూమి' దాకా నడిచిన బాట అటువంటిదే. ఒకే ఆవరణలో, ఒకే గోడకు అటు ఇటు కూర్చుండి, ఏండ్ల తరబడి ఒకరి పుస్తకం ఒకరు తెరవకుండ చదువు ముగించి వెళ్ళిపోవడం మన రెండు భాషలకు నష్టం.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మరొక మనవి. హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించినవాడు ఒక విద్యార్థి. మన కళాశాలలోను నెలకొక మంచి చిత్రం చూపి, దానిపై ఉర్దూలోను, తెలుగులోను చర్చ జరిపించడానికి పెద్ద వ్యయమేమీ కాదు. ఒక గది, ఒక తెర, ఒక సాయంకాలం చాలును. 'అంకుర్' తోను, 'మా భూమి' తోను ప్రారంభించవచ్చును. ఈ సంచికలో ఉర్దూ పుటలు ఒక వైపు నుండి, తెలుగు పుటలు మరొక వైపు నుండి మొదలై నడుమ కలుస్తున్నవి. రాబోయే సంచికలో ఆ నడిమి పుటను ఒక అనువాద కథకు కేటాయించినచో, ఈ రెండు వైపులకు ఒక ద్వారం ఏర్పడుతుంది. మన పలుకుబడి పెరిగేది ఆ ద్వారం గుండానే.